పక్షుల కోసం పొలం కొన్న తల్లి



ఈ వారం వీడియోలో మహారాణి అహల్యాబాయి హోల్కర్ గురించి చెప్పుకున్నాం. అందులో ఒక చిన్న విషయం ఉంది. ఆవిడ పక్షుల కోసం పొలాలు కొన్నారు. విన్నప్పుడు "ఆహా, ఎంత మంచి మనసో" అనిపించి ముందుకు వెళ్ళిపోతాం. కానీ అక్కడ ఆగి ఆలోచిస్తే, దానం అంటే ఏమిటి, దయ అంటే ఏమిటి, ఇల్లు అంటే ఎంతవరకు అన్న మూడు ప్రశ్నలకీ సమాధానం ఆ పొలంలోనే దొరుకుతుంది. అందుకే ఈ రోజు తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేను పండితుణ్ణి కాదు. పగలు కోడ్ రాసుకుని, రాత్రి పుస్తకాలు చదువుకునే మామూలు ఉద్యోగిని. మీలాంటివాడినే. కాబట్టి నేను చదివి అర్థం చేసుకున్నది మన మాటల్లోనే చెబుతాను.

ఎవరీ తల్లి?

మనలో కాశీ వెళ్ళినవాళ్ళు చాలామంది ఉంటారు. కనీసం అమ్మానాన్నల్ని పంపినవాళ్ళు ఉంటారు. కాశీలో ఈ రోజు మనం దర్శనం చేసుకునే విశ్వనాథుడి గుడి అహల్యాబాయి కట్టించింది. 1669లో ఔరంగజేబు పాత గుడిని కూల్పించాడు. ఆ తరువాత నూరేళ్ళు దాటాక, 1780లో స్వామికి మళ్ళీ గుడి నిలబెట్టింది ఈవిడే. గయలో పితృదేవతలకు పిండం పెట్టే విష్ణుపాద ఆలయం కట్టించింది ఈవిడే. సోమనాథ్‌లో పాత గుడి శిథిలమై ఉంటే, 1783లో దగ్గరలోనే మరో గుడి కట్టించి స్వామికి పూజ ఆగకుండా చూసిందీ ఈవిడే. గుళ్ళు, ఘాట్లు, బావులు, సత్రాలు ఇలా చెప్పుకుంటూ పోతే దేశం పటం మొత్తం తిరగాల్సి వస్తుంది.

కానీ పుట్టింది రాజవంశంలో కాదు. 1725 మే 31న మహారాష్ట్రలోని చౌండి అనే చిన్న పల్లెలో పుట్టింది. తండ్రి మాంకోజీ షిండే ఆ ఊరి పటేల్. ఆ రోజుల్లో ఆడపిల్లలకు చదువు అరుదు. అయినా కూతురికి చదవడం, రాయడం నేర్పించాడు. మరాఠా సేనాని మల్హర్ రావు హోల్కర్ ఆ దారిన వెళ్తూ గుడిలో ఈ పిల్లని చూసి, ఆ భక్తి, ఆ వినయం నచ్చి, తన కొడుకు ఖండేరావుకి చేసుకున్నాడని చెప్పుకుంటారు. 1733లో పెళ్ళి. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్ళు.

1745లో కొడుకు మాలేరావు పుట్టాడు. 1748లో కూతురు ముక్తాబాయి.

1754లో కుమ్హేర్ కోట ముట్టడిలో భర్త ఖండేరావు చనిపోయాడు. ఆమెకి ఇంకా ముప్పై నిండలేదు. ఆ కాలపు ఆచారం ప్రకారం సహగమనానికి సిద్ధమైంది. అప్పుడు మామగారు అడ్డుపడ్డాడు. కొడుకుని పోగొట్టుకున్న ఆ ముసలాయన, ఇక నా కొడుకువి నువ్వే, నన్ను ఒంటరిని చేయొద్దు అని కోడల్ని బతిమాలుకున్నాడు. ఆమె ఆగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ రోజు కాశీలో మనం చూసే గుడి, గయలో మన తాతముత్తాతలకి పిండం పెట్టే ఆ మండపం ఒక మామగారి కన్నీళ్ళ వల్ల మిగిలినవి. ఒక ఇంట్లో ఒక మనిషి ఇంకో మనిషిని "నువ్వు బతకాలి, నువ్వు కావాలి" అని ఆపడం ఎంత దూరం వెళ్తుందో చూడండి.

మల్హర్ రావు ఊరికే ఆపి వదిలేయలేదు. రాజ్యం పనులు నేర్పించాడు. 1765లో ఆయన ఆమెకి రాసిన ఒక ఉత్తరంలో ఫిరంగుల్ని తీసుకుని చంబల్ దాటి గ్వాలియర్ వెళ్ళమని, మందుగుండు సిద్ధం చేసుకోమని, దారి పొడవునా కాపలా ఏర్పాటు చేయమని ఉంది. కోడలికి మామగారు రాసిన ఉత్తరం అది! మరుసటి ఏడాది, 1766లో ఆయన పోయాడు. 1767లో కొడుకు మాలేరావు పోయాడు. భర్త, మామ, కొడుకు ముగ్గురూ వెళ్ళిపోయారు. మిగిలింది ఒక్క కూతురు, ఒక రాజ్యం.

ఆ రాజ్యాన్ని నర్మదా తీరంలోని మహేశ్వర్ నుంచి 1795లో కన్నుమూసేదాకా నడిపింది. సైన్యం బాధ్యత తుకోజీ హోల్కర్‌కి అప్పగించి, పాలన తన చేతిలో పెట్టుకుంది. మహేశ్వర్‌లో ఆమె ఉన్న ఇల్లు ఈ రోజుకీ చూడొచ్చు. అది ప్యాలెస్ కాదు, పెద్ద పాతకాలపు లోగిలి అంతే. కూర్చునే చోటు ఒక తెల్లటి పరుపు, వెనక ఒక బాలీసు. ఆజ్ఞాపత్రాల మీద తన పేరు కాకుండా "శ్రీ శంకర్" అని ఉండేది. రాజ్యం శివుడిది, నేను గుమాస్తాని అన్నమాట.

ఎవరి డబ్బుతో దానం?

దానం గురించి మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న "ఎంత ఇచ్చారు" కాదు. "ఎక్కడి నుంచి ఇచ్చారు" అనేది.

అహల్యాబాయి అధికారంలోకి వచ్చేసరికి హోల్కర్ కుటుంబానికి పెద్ద నిధి ఉంది. ఆమె కుడి అరచేతిలో నీళ్ళు పోసుకుని, తులసిదళం వేసి, సంకల్పం చెప్పించి, ఆ నీళ్ళు నిధి మీద వదిలింది. అంటే "ఇది ఇక నాది కాదు, ధర్మానిది" అని. మనం పూజలో కూర్చున్నప్పుడు పురోహితుడు గారు "నీళ్ళు వదలండి" అంటారు చూడండి, అదే. మనం మొబైల్ వైపు ఓ కన్నేసి నీళ్ళు వదిలేస్తాం. ఆవిడ అదే చిన్న క్రియతో ఒక ఖజానాని వదిలేసింది.

హోల్కర్ల దగ్గర ఖాస్గీ అని ఒక పద్ధతి ఉండేది. కుటుంబం సొంత ఆస్తి వేరు, రాజ్యం సొమ్ము వేరు. గుళ్ళకి, సత్రాలకి, అన్నదానాలకి ఖాస్గీ నుంచి, అంటే తన వాటా నుంచి ఖర్చు పెట్టింది. ప్రజల పన్ను రాజ్యం పనులకే. మన భాషలో చెప్పాలంటే ఆఫీసు కార్డు వేరు, సొంత కార్డు వేరు. పుణ్యం సొంత కార్డు మీదే.

ఇంకో సంఘటన. ఖర్గోన్‌లో ఇద్దరు ధనవంతులు వారసులు లేకుండా పోయారు. వాళ్ళ భార్యలు మొత్తం ఆస్తి తెచ్చి రాణిగారికి ఇస్తామన్నారు. ఆ కాలంలో ఇంకో రాజైతే అడగకుండానే లాక్కునేవాడు. ఆవిడ తీసుకోలేదు. మీ డబ్బు మీ చేతులతోనే మంచి పనికి ఖర్చు పెట్టండి, పేరు మీకే నిలుస్తుంది అని చెప్పి పంపింది. వాళ్ళు ఆ డబ్బుతో గుడి, ఘాట్ కట్టించారు. ఇంకొకరి పుణ్యాన్ని కూడా తన ఖాతాలో వేసుకోని మనిషి ఆమె.

ఎద్దులకు నీళ్ళు, పక్షులకు పొలం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

ఈ సంగతులు మనకు ఎలా తెలిశాయంటే, జాన్ మాల్కమ్ అనే బ్రిటిష్ అధికారి 1818 తరువాత ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ఆమెని కళ్ళారా చూసినవాళ్ళని అడిగి వివరాలు సేకరించాడు. 1823లో మధ్యభారతం గురించి పుస్తకం అచ్చు వేశాడు. ఆయనకి ఈమెని పొగడాల్సిన అవసరం ఏమీ లేదు. అయినా ఎవరిని అడిగినా మంచే చెప్పారని రాశాడు.

ఆయన రాసిన వాటిలో ఇవి ఉన్నాయి. రోజూ బీదలకి అన్నం పెట్టేవారు. వేసవిలో దారుల్లో బాటసారులకి నీళ్ళు ఇవ్వడానికి మనుషుల్ని పెట్టేవారు. చలికాలం మొదట్లో తన మీద ఆధారపడ్డవాళ్ళకి, వయసు మళ్ళినవాళ్ళకి బట్టలు ఇచ్చేవారు. మనుషులతో ఆగలేదు. మహేశ్వర్ చుట్టుపక్కల రైతులు దుక్కి దున్నుతుంటే, అహల్యాబాయి మనిషి వెళ్ళి నాగలి ఆపించి, ఎద్దులకి నీళ్ళు పట్టేవాడు. నదిలో చేపలకీ, చెట్టు మీద పక్షులకీ వాటి వాటా వాటికి అందేది.

నిజమే, రాణిగారికి మనుషులున్నారు, నీళ్ళున్నాయి, పంపింది. ఇందులో పెద్ద గొప్ప ఏముంది అనొచ్చు. పక్షుల విషయం చూడండి.

పంట గింజ పట్టే వేళ పక్షులు గుంపులుగా వాలతాయి. రైతు మంచె ఎక్కి, వడిసెలతో రాళ్ళు విసిరి, డబ్బాలు కొట్టి తోలేస్తాడు. పక్షి ఆకలితో ఎగిరిపోతుంది. చూసేవాళ్ళకి మనసు చివుక్కుమంటుంది. రాణి కదా, ఒక్క మాట అంటే సరిపోయేది: "ఇకనుంచి నా రాజ్యంలో ఎవరూ పక్షుల్ని తోలకూడదు." ఊరంతా జేజేలు కొట్టేది. చరిత్రలో దయామయి అని రాసుకునేవాళ్ళం.

ఆమె అలా చేయలేదు. రైతు పక్షుల్ని తోలడం న్యాయమే, ఆ గింజ మీదే కదా అతని ఇల్లు బతకాలి అనేది. మరి పక్షులో? వాటి కోసం తాను పొలాలు కొంది. ఆ పొలాల్లో ఎవరూ తోలరు. పక్షుల గుంపులు వచ్చి నిశ్చింతగా తినిపోయేవి.

అర్థమైందా? పక్షి ఆకలిని చూసింది. రైతు ఆకలినీ చూసింది. ఒకరి ఆకలి తీర్చడానికి ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టలేదు. తన జేబులోంచి తీసి మూడో కంచం పెట్టింది.

ఈ కథ మనకి కొత్త కాదు. చిన్నప్పుడు విన్న శిబి చక్రవర్తి కథ గుర్తు తెచ్చుకోండి. పావురం వచ్చి ఒళ్ళో వాలింది. వెనకే డేగ వచ్చింది. డేగ ఏమంది? ఇది నా ఆహారం, నువ్వు దాన్ని కాపాడితే నేనూ నా పిల్లలూ పస్తుంటాం, ఇదేం ధర్మం అని అడిగింది. శిబి డేగని దుర్మార్గురాలు అని తిట్టి తరిమేయలేదు. దాని మాటలో న్యాయం ఉందని ఒప్పుకున్నాడు. పావురమంత బరువు మాంసం తన ఒంట్లోంచి కోసి ఇచ్చాడు. మనం ఆ కథలో త్యాగం చూస్తాం, త్రాసు మర్చిపోతాం. కానీ కథ నడిచేదంతా త్రాసు మీదే. ఒక పళ్ళెంలో పావురం, ఇంకో పళ్ళెంలో తన శరీరం. డేగని అందులో ఎక్కించలేదు.

అహల్యాబాయి పొలం కూడా ఆ త్రాసే.

మన ఇళ్ళల్లోనే ఉంది

ఇదంతా రాజులకీ రాణులకీ అనుకోకండి. శాస్త్రం ప్రతి గృహస్థుకీ రోజూ ఐదు యజ్ఞాలు చెప్పింది. వేదం చదవడం బ్రహ్మయజ్ఞం. దేవతలకి దేవయజ్ఞం. పెద్దలకి పితృయజ్ఞం. అతిథికి మనుష్యయజ్ఞం. ఐదోది భూతయజ్ఞం, అంటే సకల ప్రాణులకీ అన్నంలో వాటా.

ఎందుకు ఇవి? కారణం చాలా సూటిగా చెప్పారు. ఇంట్లో ఐదు చోట్ల మనకి తెలియకుండానే ప్రాణాలు పోతాయి: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళ కుండ. వీటిని పంచసూనలు అంటారు. మనం బతకడానికి ఎవరో చిన్న ప్రాణి మూల్యం చెల్లిస్తూనే ఉంది. ఆ బాకీకి బదులుగా ఈ ఐదు యజ్ఞాలు. అంటే చీమకి పంచదార వేయడం మన గొప్పతనం కాదు, బాకీ తీర్చడం. ఈ ఒక్క మాట లోపలికి దిగితే, దానం చేసినప్పుడు వచ్చే ఆ చిన్న గర్వం ఉంటుందే, అది దానంతట అదే తగ్గిపోతుంది.

ఈ రోజు మన సూనలు మారాయి. గాజు అద్దాల ఆఫీసులకి గుద్దుకునే పిట్టలు, హైవే మీద టైర్ల కింద పడే కుక్కలు, చెరువు పూడ్చి కట్టిన అపార్ట్‌మెంట్లు. బాకీ పెరిగింది కానీ తగ్గలేదు.

మన పెద్దవాళ్ళు ఈ బాకీని ఎంత అందంగా తీర్చేవారో తెలుసా? కోతలప్పుడు మంచి వరి కంకులు ఏరి, కుచ్చుగా అల్లి, చూరుకో, గుడి మండపానికో కట్టేవారు. పిచ్చుకలు వచ్చి వేలాడుతూ తినేవి. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇప్పటికీ రామాలయంలో కడతారు. పొలంలో పిట్టల్ని తోలిన అదే రైతు, అదే చేత్తో గుడిలో వాటికి కుచ్చు కడతాడు. తోలడం తప్పు కాదు. తోలి ఊరుకోవడం తప్పు. నర్మద ఒడ్డున రాణి పొలం కొని చేసిన పని, గోదావరి ఒడ్డున రైతు గుప్పెడు కంకులతో చేశాడు. ధర్మం ఒకటే, సైజు వేరు. వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు, కాకికి ముద్ద, ఆవుకి గోగ్రాసం ఇవన్నీ ఆ కుటుంబంలోవే.

మరి మన అపార్ట్‌మెంట్‌లో?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కుక్కలకి అన్నం పెట్టే విషయంలో గొడవ జరగని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ ఉందా? ఒకవైపు "మూగజీవాల మీద దయ లేదా" అంటారు. ఇంకోవైపు "మా పిల్లాడు లిఫ్ట్ దగ్గరికి రావడానికి భయపడుతున్నాడు" అంటారు. రెండు రోజుల్లో అది కుక్కల గొడవ కాదు, మనుషుల గొడవ అవుతుంది.

అహల్యాబాయి అక్కడ ఉంటే ఏం చేసేది? భయపడే తల్లిని "కఠినాత్మురాలు" అనేది కాదు. ఆ భయం న్యాయమే అనేది. కుక్క ఆకలి కూడా న్యాయమే అనేది. ఆపైన వేరే చోటు వెతికేది, వేరే వేళ పెట్టేది, టీకాలకీ ఆపరేషన్లకీ డబ్బు తను కట్టేది, తిన్న చోట తనే శుభ్రం చేయించేది. 2023లో కేంద్రం తెచ్చిన యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్ కూడా ఇదే దారి చెబుతాయి. కుక్కలకి తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలానికీ, మెట్లకీ, గేట్లకీ దూరంగా ఉండాలి, వేళ నిర్ణయించుకోవాలి అని. రూల్స్‌లో ఉన్నది కూడా "మూడో కంచం" సూత్రమే.

పావురాలదీ అంతే. మన బాల్కనీలో గింజలు వేస్తే పుణ్యం మనకి, రెట్టలు కింది ఫ్లోర్ వాళ్ళకి. ఆ ఎండిన రెట్టల పొడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అక్కడ దయ ఉంది, త్రాసు లేదు.

అందుకే ప్రతి మంచి పని ముందూ మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ దయకి బిల్లు ఎవరు కడుతున్నారు?

ఈ ప్రశ్న ఇంటి లోపలికి కూడా తీసుకెళ్ళండి. నలుగురికి భోజనం పెట్టి "మా అబ్బాయిది పెద్ద చెయ్యి" అనిపించుకుంటాం. ఎనిమిది గంటలు పొయ్యి దగ్గర నిలబడింది అమ్మ. వీధి కుక్కపిల్లని ఇంటికి తెస్తాం. రోజూ తెల్లారి దాన్ని బయటికి తిప్పేది మోకాళ్ళ నొప్పులున్న నాన్న. స్నేహితులకి అర్ధరాత్రైనా పరిగెడతాం. ఆ రాత్రి ఎదురుచూస్తూ కూర్చున్నది ఇంట్లోవాళ్ళు. మంచితనం మనది, ఖర్చు వాళ్ళది. అది చెడ్డ పని అని నేను అనను. కానీ ఆ పుణ్యంలో సంతకం ఎవరిదో నిజాయితీగా రాసుకుందాం. వీలైతే వచ్చే ఆదివారం పొయ్యి దగ్గర మనమే నిలబడదాం.

కుటుంబం పోయాక

అహల్యాబాయి రోజు ఎలా గడిచేదో కూడా మాల్కమ్ రాశాడు. తెల్లవారడానికి ఒక గంట ముందు లేచేది. పూజ, పురాణ శ్రవణం. ఆ తరువాత దానం, అన్నదానం. తాను శాకాహారం కొంచెం తినేది. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో దర్బార్ మొదలైతే పొద్దు కుంకేదాకా. మళ్ళీ పూజ, కొద్దిగా భోజనం. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా మళ్ళీ రాజ్యం పనులు. లాగిన్, లాగౌట్ లేని జీవితం.

ఇంత చేసిన తల్లికి భగవంతుడు కష్టం తగ్గించాడా అంటే, లేదు. ఇది దాచకుండా చెప్పుకోవాలి. ఎందుకంటే "మంచి చేస్తే మనకి చెడు జరగదు" అనే బేరం మీద నడిచే భక్తి మొదటి దెబ్బకే విరిగిపోతుంది.

మిగిలిన ఒక్క కూతురు ముక్తాబాయికి ఒక్కడే కొడుకు. ఆ మనవడు చిన్న వయసులోనే పోయాడు. 1791లో అల్లుడు పోయాడు. ముక్తాబాయి సహగమనం చేస్తానంది. తల్లి కాళ్ళావేళ్ళా పడింది. రాణిలా ఆజ్ఞాపించలేదు, తల్లిలా ఏడ్చింది. ఒకప్పుడు మామగారు తనని ఆపినట్టు తాను కూతుర్ని ఆపాలనుకుంది. కూతురు వినలేదు. చితి దగ్గర ఇద్దరు బ్రాహ్మణులు ఆమె చేతులు పట్టుకుని నిలబెట్టాల్సి వచ్చింది. తరువాత మూడు రోజులు అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు.

సహగమనం గొప్పది అని నేను చెప్పడం లేదు. ఆ తల్లి కన్నీళ్ళే దానికి జవాబు. బతికి ఉండటమే పెద్ద ధర్మం అని అహల్యాబాయి జీవితమే సాక్ష్యం చెబుతోంది.

మూడు రోజుల తరువాత లేచింది. పోయినవాళ్ళ గుర్తుగా మహేశ్వర్‌లో స్మారకం కట్టించింది. మళ్ళీ దర్బార్, మళ్ళీ అన్నదానం. ఇంకో నాలుగేళ్ళు బతికి, 1795 ఆగస్టు 13న, డెబ్బై ఏళ్ళ వయసులో వెళ్ళిపోయింది. ఆఖరిదాకా ఎద్దులకి నీళ్ళు ఆగలేదు.

దీన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. ప్రేమ ఉన్నవాళ్ళకి ప్రేమించే మనుషులు పోతే ఆ ప్రేమ ఎక్కడికి పోతుంది? కొందరిలో అది గడ్డకడుతుంది. చేదుగా మారుతుంది. ఆమెలో అది పొంగి గట్టు దాటింది. భర్తకి వడ్డించాల్సిన చెయ్యి బాటసారికి వడ్డించింది. కొడుకుని చూసుకోవాల్సిన కళ్ళు నాగలి ఎద్దుని చూశాయి. మనవడి కోసం దాచిన గింజ పిట్టకి చేరింది. ఇల్లు ఖాళీ అవలేదు, ఇల్లు పెద్దదయ్యింది.

గయలో పిండప్రదానం చేసినప్పుడు మన తాతముత్తాతలకి మాత్రమే పెట్టరు. పిండం పెట్టే దిక్కులేనివాళ్ళకి పెట్టిస్తారు. మనకి సేవ చేసినవాళ్ళకి, స్నేహితులకి పెట్టిస్తారు. పశువులుగా, పక్షులుగా, పురుగులుగా పుట్టిన జీవులకి కూడా పెట్టిస్తారు. ఆ క్రియ జరిగే గుడి ఆమె కట్టించింది. తన వంశంలో అందరినీ పోగొట్టుకున్న స్త్రీ, అందరి వంశాలకీ చోటు ఇచ్చింది. మన ఇళ్ళ నుంచి ఎవరైనా గయ వెళ్ళినప్పుడు, ఆఖరి పిండం పెట్టాక, ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోమని చెప్పండి.

పొగడ్త నర్మదలో

ఒక పండితుడు ఆమెని పొగుడుతూ పుస్తకం రాసి తెచ్చాడు. మొత్తం ఓపిగ్గా విన్నది. నేను బలహీనురాలిని, పాపిని, ఈ పొగడ్తలకి తగను అని చెప్పి, ఆ పుస్తకాన్ని నర్మదలో వేయించింది.

మనం ఒక అరటిపండు ఆవుకి పెట్టి నాలుగు కోణాల్లో ఫోటో తీస్తాం. తీయకూడదని కాదు, చూసి ఇంకొకరు పెడితే మంచిదే. కానీ పది మంచి పనుల్లో ఒక్కటైనా నర్మదలో వేద్దాం. ఎవరికీ తెలియకుండా.

అన్నట్టు, "ఇన్ని దానాలు చేసే బదులు సైన్యం పెంచుకుని ఉంటే బాగుండేది కదా" అనే వాదన ఆ రోజుల్లోనే వచ్చింది. మాల్కమ్ ఒక పండితుణ్ణి దాదాపు ఇదే అడిగాడు. దానికి ఆయన, ఈ ఖర్చుకి రెండింతలు సైన్యం మీద పెట్టి ఉంటే ముప్పై ఏళ్ళు ఇంత ప్రశాంతంగా రాజ్యం నడిచేదా అని తిరిగి అడిగాడు. చుట్టూ యుద్ధాలతో రగిలిపోతున్న కాలంలో ఆమె ప్రజలు నిశ్చింతగా నిద్రపోయారు. ఎద్దు దాహం గమనించే రాణికి మనిషి దాహం కనిపించకుండా ఉంటుందా? ప్రజలకి ఆ నమ్మకం ఉండేది.

ఈ వారం సంకల్పం

ఎప్పటిలాగే ఈ వారం కూడా ఒక చిన్న సాధన.

ఒకటి. మీ దగ్గర ఉన్నదాంట్లోంచి రోజూ ఒక ప్రాణికి వాటా తీయండి. గుప్పెడు గింజలు కావచ్చు, గిన్నెడు నీళ్ళు కావచ్చు. ఎండాకాలమైతే నీళ్ళే పెద్ద దానం. గిన్నె రోజూ కడగండి, నీళ్ళు మార్చండి, దోమలు చేరనివ్వకండి.

రెండు. పెట్టే ముందు అడగండి: దీనికి బిల్లు ఎవరు కడుతున్నారు? జవాబు "నేనే" అయ్యేలా చోటూ వేళా మార్చుకోండి.

మూడు. మీ ఇంట్లో ఇన్నాళ్ళూ మీ మంచితనానికి నిశ్శబ్దంగా ఖర్చు భరించినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఈ వారం ఒక పూట వాళ్ళ పని మీరు చేయండి. దూరంలో ఉంటే ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడండి, మధ్యలో మెసేజ్‌లు చూసుకోకుండా.

శివుడికి పశుపతి అని పేరు. మనుషులకే కాదు, ప్రాణమున్న ప్రతిదానికీ ప్రభువు. ఆ స్వామికి గుడి కట్టడం మనందరి వల్లా కాదు. ఆయన పిట్టకి గింజ వేయడం మనందరి వల్లా అవుతుంది.

ఆ తల్లి మనసులో ఒక గింజంత మన మనసులో పడాలని, అది మొలకెత్తాలని ఆ పశుపతిని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

హర హర మహాదేవ. శుభమస్తు.